ఫీనిక్స్ శివారులో జనాభా పెరగడం లేదంటే ఆ ఏరియా పడిపోతున్నట్టేనా?

మీరు విజయవాడ పటమట నుంచి రాసింది ఇదీ. మీ అమ్మాయి, అల్లుడు అరిజోనాలో ఫీనిక్స్ దక్షిణ శివారు అహ్వాటుకీలో ఇల్లు చూశారు. ఆ ఏరియా జనాభా ఇరవై ఏళ్లుగా దాదాపు కదల్లేదు. వాళ్లు చూసిన వీధులున్న సెన్సస్ ట్రాక్ట్‌లో, అంటే జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతంలో అయితే కాస్త తగ్గింది కూడా. అదే వ్యాలీలోని, అంటే ఫీనిక్స్ చుట్టుపక్కల ప్రాంతంలోని, క్వీన్ క్రీక్ ఊరు 2010లో 26,361 మందితో ఉండి, 2020కి 59,519కి చేరింది. జనం తగ్గే చోట లక్షల డాలర్లు పెట్టడం తెలివైన పనేనా, పెరిగే చోటికి వెళ్లమని చెప్పాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు ఆ వ్యాలీలోనే టౌన్ ప్లానింగ్ పనుల్లో ఉన్నాను. ఇప్పుడు కానూరులో ఉంటున్నాను. సూటిగా చెప్తాను. జనాభా తగ్గిందన్న ఒక్క కారణంతో ఆ ఇల్లు వదులుకోవద్దు. పెరుగుతోందన్న ఒక్క కారణంతో క్వీన్ క్రీక్‌కి వెళ్లొద్దు. ఆ అంకె వెనక మూడు నాలుగు విషయాలుంటాయి, వాటిని విడదీసి చూడాలి. మనం విజయవాడ లెక్కతో అక్కడి అంకెలు చదువుతాం కాబట్టే ఈ టెన్షన్ అంతా.

మన దగ్గర జనం ఎలా పెరుగుతారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పటమటలో, గురునానక్ కాలనీలో ఐదు సెంట్ల స్థలంలో ఒకప్పుడు డాబా ఇల్లు ఉండేది. ముందు వరండా, వెనక బావి, పక్కన నాలుగు కొబ్బరి చెట్లు, ఇంట్లో ఐదారుగురు మనుషులు. పెద్దవాళ్లు పోయాక పిల్లలు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఇప్పుడు అదే స్థలంలో కింద పార్కింగ్, పైన నాలుగు ఫ్లోర్లు, ఫ్లోరుకి రెండు ఫ్లాట్లు. ఎనిమిది కుటుంబాలు, పాతిక ముప్పై మంది. నేల ఒక్క గజం పెరగలేదు, జనం ఐదింతలయ్యారు. అందుకే 2011 లెక్కల్లో 61.88 చదరపు కిలోమీటర్ల విజయవాడ నగరంలో పది లక్షలు దాటి జనం ఉన్నారు. చదరపు కిలోమీటరుకి 16 వేల పైచిలుకు. మన అనుభవంలో జనసాంద్రత పైకి వెళ్లడమే గానీ కిందికి దిగడం ఉండదు. దిగిందంటే ఆ ఊళ్లో ఏదో పోయిందని, పల్లెలు ఖాళీ అయినట్టు అయిందని అనుకుంటాం.

ఎడారి శివారు అలా పనిచేయదు. అహ్వాటుకీలో ఒక మామూలు వీధి తీసుకోండి. ఆరేడు వేల చదరపు అడుగుల స్థలం, అంటే మన 700 గజాలకు అటూ ఇటూ. దాని మీద ఒకే ఇల్లు. చుట్టూ సిమెంట్ ఇటుకల గోడ, ముందు గడ్డి బదులు కంకర, రెండు కాక్టస్‌లు, గ్యారేజీ. ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి అద్దెకివ్వడం కుదరదు. జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నగర నిబంధన, ఒప్పుకోదు. జోనింగ్ ఒప్పుకున్నా కాలనీ సంఘం, అంటే అక్కడ హెచ్‌ఓఏ అంటారు, దాని దస్తావేజు ఒప్పుకోదు. పెద్ద నగరాలు పెరట్లో చిన్న ఇల్లు, అక్కడి మాటలో కసీటా, కట్టుకోనివ్వాలని 2024లో రాష్ట్రం చట్టం చేసింది. కానీ హెచ్‌ఓఏ నిబంధనలను ఆ చట్టం కొట్టెయ్యలేదు. ఇలాంటి కాలనీల్లో ఇళ్ల సంఖ్య ఒకసారి నిండాక అక్కడే ఆగిపోతుంది.

పైగా అహ్వాటుకీ నాలుగు వైపులా మూసుకుపోయిన ఏరియా. ఉత్తరాన సౌత్ మౌంటెన్ పార్కు, దాదాపు 16 వేల ఎకరాల కొండలు, కట్టడానికి వీల్లేదు. దక్షిణాన గిలా రివర్ ఆదివాసీ జాతి వాళ్ల సొంత భూమి. తూర్పున ఐ-10 హైవే. పశ్చిమానికి దారి లేక చాలా కాలం దాన్ని దేశంలోకెల్లా పెద్ద 'కల్‌-డి-సాక్' అనేవాళ్లు, లోపలికి వెళ్తే మళ్లీ అదే దారిన బయటికి రావాలన్నమాట. 2019 డిసెంబర్‌లో లూప్ 202 సౌత్ మౌంటెన్ ఫ్రీవే తెరిచాక ఆ ఇబ్బంది తీరింది. దారి వచ్చింది గానీ కొత్తగా భూమి రాలేదు. ఇళ్లలో ఎక్కువ భాగం 1980, 90ల్లో కట్టేశారు. ఆ తర్వాత పెరగడానికి చోటే లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇళ్లు ఆగిపోయినా మనుషులు ఎందుకు తగ్గుతారు?

జనాభా అంటే ఉన్న ఇళ్లెన్ని, వాటిలో నిండినవెన్ని, నిండిన ఇంటికి సగటున ఎంతమంది అనే మూడింటి గుణకారం. మొదటిది కదలనప్పుడు మూడోదే అంతా నడిపిస్తుంది. లెక్క కోసం వెయ్యి ఇళ్ల కాలనీ ఒకటి అనుకుందాం. రెండు మూడేళ్లలో మొత్తం కట్టి అమ్మారు. కొన్నవాళ్లంతా దాదాపు ఒకే వయసు వాళ్లు, ముప్పైల్లో ఉన్న దంపతులు, స్కూలుకెళ్లే పిల్లలు. ఇంటికి 3.2 మంది వేసుకుంటే 3,200. పాతికేళ్లు గడిచాయి. పిల్లలు కాలేజీకి వెళ్లారు, వేరే ఊళ్లో ఉద్యోగాలొచ్చాయి. తల్లిదండ్రులు అదే ఇంట్లో ఉన్నారు. ఇంటికి 2.4 అయింది. అంటే 2,400. ఒక్క ఇల్లు కూలలేదు, ఒక్క ఇంటికీ తాళం పడలేదు, ఎవరూ పారిపోలేదు. లెక్కల్లో మాత్రం నాలుగో వంతు జనం మాయం. ఒక్క విడతలో కట్టిన కాలనీ ఒక్క విడతలోనే ముసలిదవుతుంది. మన పటమటలో ఒక వీధిలో 1960ల ఇల్లు, పక్కన 90ల అపార్ట్‌మెంట్, దాని పక్కన నిన్న గృహప్రవేశమైనది ఉంటాయి. అన్ని వయసుల కుటుంబాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఈ ఎగుడుదిగుడు మనకు కనబడదు.

దీన్ని స్వచ్ఛంగా చూడాలంటే ఫీనిక్స్‌కి వాయవ్యంగా ఉన్న సన్ సిటీ చూడాలి. 1960 జనవరి 1న డెల్ వెబ్ కంపెనీ తెరిచింది. ఇంట్లో కనీసం ఒకరికి 55 ఏళ్లు నిండి ఉండాలి, చిన్నపిల్లలు శాశ్వతంగా ఉండకూడదు. 1980 నాటికే జనాభా 40 వేలు దాటింది. 2010లో 37,499. 2020లో 39,931. నలభై ఏళ్లలో దాదాపు అదే అంకె. ఇంటికి ఇద్దరికన్నా తక్కువ. మనుషులు పోతున్నారు, కొత్త రిటైర్డ్ వాళ్లు వస్తున్నారు, ఇళ్లు చేతులు మారుతున్నాయి. పెరగని జనాభా ఉన్న ఊరు కూడా చక్కగా నడుస్తుందనడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

రెండో కొస గిల్బర్ట్, ఫీనిక్స్‌కి ఆగ్నేయంగా ఉన్న శివారు. 1980లో అక్కడున్నది 5,717 మంది. ఒకప్పుడు పశువుల మేత గడ్డి ఎగుమతికి పేరుపడ్డ ఊరు. 2000 నాటికి లక్ష దాటింది, 2010కి రెండు లక్షలు దాటింది, 2020లో 2,67,918. మన పోరంకి, పెనమలూరు వైపు వరి, చెరకు పొలాలు ప్లాట్లయినట్టే అక్కడ అల్ఫాల్ఫా అనే మేత గడ్డి పొలాలు, పత్తి పొలాలు ప్లాట్లయ్యాయి. ఇంత పెరిగీ గిల్బర్ట్‌లో చదరపు కిలోమీటరుకి సుమారు 1,500 మందే. ఫీనిక్స్ నగరం మొత్తం తీసుకుంటే 16,08,139 మంది, చదరపు కిలోమీటరుకి 1,200. మన నగరంలో దాదాపు పద్నాలుగో వంతు. అందుకని అక్కడి వాళ్లు 'బాగా ఇరుకైపోయింది' అంటే మన వన్‌టౌన్ ఊహించుకోకండి. వాళ్లు మాట్లాడేది సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల గురించి.

సాంద్రత అంకె చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. దేనితో భాగించారో చూడాలి. బకై అనే ఊరు ఫీనిక్స్‌కి పడమర ఉంది. 2020లో 91,502 మంది. కానీ ఊరి హద్దుల్లో కలుపుకున్న భూమి వెయ్యి చదరపు కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది, చాలాభాగం ఉత్త ఎడారి. భాగిస్తే చదరపు కిలోమీటరుకి వంద మంది కూడా రారు. అదే ఊళ్లో కట్టిన కాలనీలోకి వెళ్తే ఇళ్లు గిల్బర్ట్ అంత దగ్గరగానే ఉంటాయి. అహ్వాటుకీలో కొండకు ఆనుకున్న ట్రాక్ట్‌లో కొండ వాలు కూడా భూమి లెక్కలోకి వస్తే సాంద్రత పడిపోయినట్టు కనిపిస్తుంది. వాననీటి కోసం వదిలేసిన గుంటలు, వాష్ అని పిలిచే ఎండు వాగులు కూడా అంతే. అవి ఖాళీగా ఉండటం కాలనీ నిర్లక్ష్యం కాదు. సంవత్సరానికి రెండొందల మిల్లీమీటర్ల వాన పడే చోట అదంతా ఒక్కోసారి గంటలో కుమ్మరిస్తుంది, ఆ నీటికి దారి కావాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మనం చూశాం కదా, నీటి దారిలో జనసాంద్రత పెరిగితే ఏమవుతుందో. నా మటుకు నాకు, ఖాళీ వాగు ఎక్కువున్న ట్రాక్ట్ అంటే మార్కు తగ్గించాల్సింది కాదు, పెంచాల్సింది.

సెన్సస్ ట్రాక్ట్ గురించి కూడా రెండు మాటలు. సగటున నాలుగు వేల మంది ఉండేలా గీస్తారు. ఎనిమిది వేలు దాటితే రెండుగా చీల్చి నంబరు వెనక .01, .02 పెడతారు. పెరిగిన చోట ట్రాక్ట్ చీలితే పాత నంబరుతో చూసేవాళ్లకి జనాభా సగమైనట్టు కనిపిస్తుంది. మీ వాళ్లు చూసిన దాని హద్దులు 2010లోనూ 2020లోనూ ఒకటేనా అని ముందు తేల్చుకోవాలి. ఇంకా కిందికి వెళ్లి ఒక్క వీధి గుంపు, అంటే బ్లాక్ స్థాయి అంకె చూస్తే అసలు నమ్మొద్దు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా 2020 లెక్కల్లో చిన్న స్థాయి అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ జరిపారు. పెద్ద ప్రాంతానికి ఆ తేడా సర్దుకుంటుంది, ఇరవై ఇళ్ల బ్లాక్‌లో సర్దుకోదు.

ఖాళీ ఇళ్లనీ చూసి కంగారు పడకండి. చలికి తట్టుకోలేక మిన్నెసోటా లాంటి రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి వచ్చి నాలుగైదు నెలలు ఉండి వెళ్లేవాళ్లు అక్కడ చాలామంది. స్నోబర్డ్స్ అంటారు. సెన్సస్ వాళ్లని ఎక్కువ కాలం ఉండే ఇంటి దగ్గరే లెక్కపెడుతుంది కాబట్టి అరిజోనా ఇల్లు సీజనల్ ఖాళీ అని పడుతుంది. అమ్ముడుపోక ఖాళీగా ఉన్నదీ, ఇలా తాళం వేసిందీ పట్టికలో వేరువేరు గళ్లలో ఉంటాయి. రెండో రకం ఎక్కువుంటే అది రోగం కాదు.

ఇంత చెప్పాక, పట్టించుకోవాల్సిన నిజమైన సమస్య ఒకటుంది. అది స్కూళ్లు. ఇంటికి 3.2 నుంచి 2.4 అయినప్పుడు తగ్గింది పెద్దవాళ్లు కాదు, పిల్లలు. అహ్వాటుకీలో ఎక్కువ భాగం కైరీన్ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది. అక్కడ పిల్లల సంఖ్య చాలా ఏళ్లుగా తగ్గుతూ వస్తోంది. పిల్లల తలకింతని ప్రభుత్వం డబ్బులిస్తుంది కాబట్టి తరగతులు పలచబడితే బడులు కలిపేస్తారు, మూసేస్తారు. మీ మనవడో మనవరాలో నడిచి వెళ్లే బడి మూతపడి బస్సెక్కాల్సి వస్తే ఇంటి విలువ మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. ఇది ఊహ కాదు, ఆ వ్యాలీలో ముందు కట్టిన శివార్లన్నీ ఎదుర్కొంటున్న విషయమే. ఆ ఇంటికి ఏ ఎలిమెంటరీ స్కూలు వర్తిస్తుందో, దాని మీద బోర్డు ఏం నిర్ణయించిందో డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగుల రికార్డుల్లో ఉంటుంది. అమ్మాయిని ఒక సాయంత్రం కూర్చుని చదవమనండి. జనాభా పట్టిక కంటే అది పదింతలు ఉపయోగం.

మళ్లీ పిల్లలు వస్తారా? వస్తారు, ఇళ్లు చేతులు మారినప్పుడు. అది ఈ మధ్య నెమ్మదించింది. వడ్డీ 3 శాతం దగ్గరున్న రోజుల్లో లోన్ మార్చుకున్న పెద్దవాళ్లు, 2023లో రేటు 7 శాతం దాటేసరికి కదలడం మానేశారు. ఇల్లు అమ్మి చిన్నదానికి మారినా కొత్త వాయిదా పాతదాని కంటే ఎక్కువే పడుతుంది, ఎందుకు అమ్ముతారు? కాబట్టి వాళ్లు చూసిన వీధిలో గత ఐదేళ్లలో ఎన్ని ఇళ్లు అమ్ముడయ్యాయో, కొన్నవాళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లు ఉన్నారో లేదో చూడమనండి. శనివారం ఉదయం ఆ వీధిలో ఒక రౌండ్ నడిస్తే తెలిసిపోతుంది. గ్యారేజీల ముందు సైకిళ్లు, ట్రాంపొలిన్లు కనిపిస్తే తరం మారుతున్నట్టు.

ఇక క్వీన్ క్రీక్ సంగతి. పెరిగే ఊరికి ఎడారిలో ఒకే ప్రశ్న, నీళ్లు ఎక్కడివి. మన ప్రకాశం బ్యారేజీ పైన నిలబడి చూస్తే ఈ ప్రశ్న రాదు. అక్కడ 1980లోనే భూగర్భ జలాల చట్టం తెచ్చారు. ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్త లేఅవుట్ వేయాలంటే వందేళ్లకు సరిపడా నీళ్లున్నాయని రుజువు చూపాలి. నగరానికి సాల్ట్, వెర్డే నదుల నీళ్లతో పాటు కొలరాడో నది నుంచి వందల కిలోమీటర్ల కాలువలో, ఎత్తిపోస్తూ తెచ్చుకునే నీళ్లున్నాయి. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టి, వందేళ్లలో ఆ ప్రాంతపు భూగర్భ జలాల అవసరంలో 4 శాతం లోటు పడుతుందని చెప్పి, కేవలం బోరు నీళ్ల మీద ఆధారపడే కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపింది. నది నీళ్ల హక్కులున్న ఫీనిక్స్ నగరానికి ఆ దెబ్బ తగల్లేదు. అహ్వాటుకీ ఫీనిక్స్ నగరంలో భాగమే. దెబ్బ తగిలింది బకై, క్వీన్ క్రీక్ లాంటి అంచు ఊళ్లకి. క్వీన్ క్రీక్ అయితే కొలరాడో నది పక్కనున్న సిబోలా దగ్గర ఒక సాగుభూమికున్న కొలరాడో నీటి హక్కు కొని కాలువలో తెచ్చుకుంది, దాని మీద కోర్టు కేసులూ నడిచాయి. 2025లో సాగు భూమికి నీళ్లు పెట్టడం మానేసి ఇళ్లు కట్టుకునేవాళ్లకి వెసులుబాటు ఇస్తూ ఇంకో చట్టం చేశారు. అందులో తర్కం ఉంది. ఆ ఎండలో ఎకరం అల్ఫాల్ఫా తాగే నీళ్లతో పోలిస్తే ఎకరంలో కట్టిన ఇళ్లు తాగేది మామూలుగా తక్కువే. పొలం ఊరైతే నీటి ఖర్చు పెరుగుతుందని మనం అనుకుంటాం, అక్కడ చాలాసార్లు తగ్గుతుంది. అదే ఉత్త ఎడారి ఊరైతే ప్రతి చుక్కా అదనపు ఖర్చే.

జనాభా పెరుగుదల చూసి మోసపోయిన చోటు ఒకటి చెప్తాను. ఫీనిక్స్‌ని ఆనుకున్న స్కాట్స్‌డేల్ నగరం పక్కన రియో వెర్డే ఫుట్‌హిల్స్. వందేళ్ల నీటి రుజువు లేఅవుట్లకే వర్తిస్తుంది కాబట్టి, భూమిని ఐదు, అంతకన్నా తక్కువ ముక్కలుగా కోసి అమ్ముకుంటూ పోయారు. మన దగ్గర అప్రూవల్ లేని వెంచర్ల లాంటి పనే. ఇళ్లు వచ్చాయి, జనం పెరిగారు, చాలా ఇళ్లకి ట్యాంకరే దిక్కు. స్కాట్స్‌డేల్ నగరం 2023 జనవరి 1 నుంచి ఆ ట్యాంకర్లకి నీళ్లివ్వడం ఆపేసింది. నెలల తరబడి జనం వాననీళ్లు పట్టుకుని, కాగితం పళ్లేల్లో తిని బతికారు. చివరికి వేరే ఏర్పాటు చేసేదాకా ఆ ఇళ్లను అమ్ముదామన్నా కొనేవాడు దొరకని పరిస్థితి. అంచనాల పట్టికలో మాత్రం అది పెరుగుతున్న ఏరియానే.

క్వీన్ క్రీక్ చెడ్డదని నేను అనడం లేదు. కొత్త ఇల్లు, కొత్త బడి, పిల్లల ఈడు పిల్లలు వీధి నిండా ఉంటారు, అది నిజమైన సుఖం. అదే పాతికేళ్ల తర్వాత ఇంకో అహ్వాటుకీ అవుతుంది, అంతే. ఇద్దరూ అదే వ్యాలీలోని చాండ్లర్ ఊరి వైపు ఆఫీసులకి వెళ్లేవాళ్లయితే రోజూ తిరిగే దూరం కూడా చూసుకోవాలి.

మీ వాళ్లు ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. సెన్సస్ వెబ్‌సైట్‌లో ఆ ట్రాక్ట్‌కి 2000, 2010, 2020 అంకెలు తీయమనండి. మొత్తం జనాభా ఒక్కటే కాదు, మొత్తం ఇళ్లు, నిండిన ఇళ్లు, 18 ఏళ్లలోపు వాళ్లు, 65 దాటినవాళ్లు కూడా. ఇళ్లు అలాగే ఉండి, నిండిన ఇళ్లూ అలాగే ఉండి, పిల్లలు తగ్గి పెద్దలు పెరిగితే నేను చెప్పిన కథే, నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. నిండిన ఇళ్లు తగ్గి, సీజనల్ కాని ఖాళీలు పెరిగితే అప్పుడు ఆగి కారణం వెతకాలి. హెచ్‌ఓఏ వాళ్ల నిల్వ నిధి పత్రం కూడా అడగమనండి. ముప్పై నలభై ఏళ్ల కాలనీలో గోడలు, ఈతకొలను, లోపలి రోడ్లు ఉంటే అవన్నీ ఒకేసారి మరమ్మతుకొస్తాయి. నిధి లేకపోతే ఇంటికింత అని వేలల్లో వడ్డిస్తారు.

ఆ అంకెలన్నీ, ట్రాక్ట్ నంబరు ఇక్కడ పెడితే నేనే చూసి చెప్తాను. ఇంటి అడ్రసు పెట్టొద్దు, అవసరం లేదు.